అధ్యక్షుల వారి బండిలో వడగాడ్పు

బోరబండ రైల్వే స్టేషన్ ఎదురు సందులోకి తిరిగి, కార్ల ఏసీలు బాగుచేసే ఐలయ్య ఎక్కడ అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ఊరికే చూపించి వదలరు, "జర చూస్కొని మాట్లాడుండ్రి సార్, తిక్క మనిషి" అని ఒక హెచ్చరిక కూడా కలిపి ఇస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ సందులో ఐలయ్య చేతిపనికి ఎంత పేరుందో, నోటి దురుసుకు అంతకంటే పిసరంత ఎక్కువే పేరుంది.

బండి తెచ్చినవాడు బండికి ఏమైందో చెప్పాలి గానీ ఎందుకైందో చెప్పకూడదు. అదీ ఆయన దుకాణంలో చట్టం. "గ్యాస్ అయిపోయినట్టుందండి" అన్నారంటే అయిపోయారే. "ఎర్కైనంక నా తాన ఎందుకొచ్చిన్రు? మీరే నింపుకోండ్రి" అని పానా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లిపోతాడు. హైటెక్ సిటీ నుంచి వచ్చే కుర్ర ఇంజనీర్లంటే మరీ లోకువ. వాళ్లు ఫోన్లో నాలుగు వీడియోలు చూసి వచ్చి, కంప్రెసరనీ కండెన్సరనీ పాఠం అప్పజెబుతారు. ఐలయ్య అంతా విని, కారులోకి చెయ్యి పెట్టి, ఎర్ర గీత వైపు తిరిగి ఉన్న మీటను నీలం గీత వైపు తిప్పి, "ఇగ పోండ్రి" అంటాడు. హైదరాబాదులో కారు హీటరుతో పనిపడే రోజులు ఏడాదికి నాలుగు కూడా ఉండవు గనక ఆ ఎర్ర గీత ఎందుకుందో చాలామందికి తెలియదు. ఇంట్లో పిల్లలు ఆడుకుంటూ తిప్పినా సరే, మే నెలలో యజమాని లోపల కూర్చుని ఉడికిపోవలసిందే. అలాంటి బండ్లకు ఐలయ్య కూలి తీసుకోడు. బదులుగా ఆ కథను సందంతా చెప్పుకుని నెల్లాళ్లు నవ్వుతాడు. కూలి తీసుకుని ఊరుకుంటేనే బాగుండునని ఆ ఇంజనీర్లు అనుకుంటారు.

ఆయనకు ఇంకో అలవాటుంది. రోగం తేలకపోతే బండి వెనక సీట్లో ఎక్కి కూర్చుని, "యాడ వేడి గాలొస్తదో ఆడికే తీస్కపో" అంటాడు. దుకాణం ముందు నీడలో నిలబెట్టిన ఏ బండైనా బుద్ధిమంతురాలిలాగే ఉంటుందని ఆయన నమ్మకం. సైబర్ టవర్స్ దగ్గర సాయంత్రం ఆరు గంటలకు, ముందు బస్సు, వెనక లారీ, పక్కన నలభై మోటారు సైకిళ్లు ఉన్నప్పుడు బయటపడేదే దాని అసలు గుణం. ఈ లెక్కన ఐలయ్య కొండాపూర్, మాదాపూర్, రాయదుర్గం అంతా ఊళ్లోవాళ్ల కార్లలో వెనక సీట్లో తిరిగాడు. ఇంట్లో భార్య బుచ్చమ్మకు అదే మంట. "ఊరందరి కార్లల్ల దొర లెక్క తిరుగుతవ్, నన్ను మాత్రం ఆ డొక్కు స్కూటర్ మీదనే తీస్కపోతవ్" అని కనీసం వారానికోసారి అంటుంది. ఆయన ఆ స్కూటరే ఎక్కి దుకాణానికి బయల్దేరతాడు.

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం, ఓంకార్ అనే డ్రైవరు పెద్ద తెల్ల కారొకటి తెచ్చి దుకాణం ముందు ఆపాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, సంగారెడ్డి వైపు వాడు. దిగీ దిగగానే జేబులోంచి పసుపు గుడ్డ తీసి, బండి ముందు బిగించిన బోర్డును తుడవడం మొదలుపెట్టాడు. మామూలు బోర్డు కాదది. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. ఎర్రటి రేకు మీద ఇత్తడి అక్షరాలు: "అధ్యక్షులు, విల్లా యజమానుల సంక్షేమ సంఘం". పక్కన చేతులు జోడించి నవ్వుతున్న ఒక పెద్దమనిషి ఫోటో.

ఆ పెద్దమనిషి పేరు చెన్నకేశవులు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడ ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడు. గోపన్‌పల్లి దగ్గర వాళ్ల విల్లాల కాలనీ సంఘానికి నెల కిందటే అధ్యక్షుడయ్యాడు. ఏకగ్రీవం. ఎందుకంటే ఆ ఉద్యోగం ఇంకెవరికీ అక్కర్లేదు. చెత్తబండి రాలేదన్నా, పక్కింటి కుక్క మొరిగిందన్నా ఫోను ఎత్తవలసింది అధ్యక్షుడే మరి. అయినా చెన్నకేశవులుకు అది పెద్ద పదవే. మన ఊళ్లో పదవి వచ్చిన మర్నాడు మనిషి మారకపోయినా బండి మారుతుంది.

"ఏందిర కథ?" అన్నాడు ఐలయ్య.

"ఏసీల వేడి గాలొస్తుంది కాకా. మూడు వారాలాయె. ముగ్గురు మెకానిక్‌లకు చూపిస్తిమి, ముగ్గురూ గ్యాస్ గొట్టిన్రు. రెండు దినాలు మంచిగనే ఉన్నట్టుంటది, మళ్ల అంతే." ఓంకార్ గొంతు తగ్గించాడు. "నేనే ఖరాబు చేసిన్నంటుండు సార్. ఏసీ పెట్టుకొని బండిల పండుకుంటున్ననంట. ఇయ్యాల మెకానిక్‌తోని ఏం ఖరాబైందో చెప్పిస్త, నీ తప్పని తేలితే రేపటి సంది రావొద్దన్నడు."

నాలుగేళ్లుగా ఓంకార్ ఆ ఇంట్లో డ్రైవరు. విల్లా వెనక ఒక గది ఇచ్చారు, కిరాయి లేదు. కూతురు హర్షిణి ఆ పక్క బళ్లోనే ఆరో తరగతి. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే బడి పోతుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు అతను ఐలయ్య ముఖంలోకి చూడలేకపోయాడు, బోర్డు మీద లేని దుమ్మును మళ్లీ తుడిచాడు.

ఐలయ్యకు జాలేసింది. జాలేసినప్పుడు ఆయన మరింత కసురుకుంటాడు.

"కాకా, నాకేమనిపిస్తదంటే..." అన్నాడు ఓంకార్.

"నీకేం అనిపియ్యొద్దు. అనిపిచ్చుడు నా పని. ఆ స్టూల్ మీద కూసో."

పని మొదలైంది. ముందు మీట చూశాడు. నీలం గీత దగ్గరే ఉంది. గాలిని వడకట్టే ఫిల్టరు లాగి చూశాడు, శుభ్రంగా ఉంది. గ్యాస్ కొలిచాడు. తక్కువ కాదు సరికదా, ముగ్గురు మెకానిక్‌ల దయవల్ల కాస్త ఎక్కువే ఉంది. ఆ ఎక్కువను మిషన్‌తో తీసేసి, వాళ్ల ముగ్గురినీ ఇళ్ల పేర్లతో సహా తలుచుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. కంప్రెసరు పనిచేస్తోంది. బానెట్ ఎత్తి ఉంచితే లోపల చల్లగాలి వస్తోంది. మూసి పది నిమిషాలు ఆగితే వెచ్చబడుతోంది.

"దీని తల్లి, సిగ్గుపడే పెండ్లిపిల్ల లెక్కుంది గదరా" అన్నాడు ఐలయ్య.

"కాకా, ముంగట సైడు ఒక్కసారి..."

"సప్పుడు చెయ్యకు."

బానెట్ మూసి ఉండగానే, బండి కిందినుంచి గొట్టం దూర్చి లోపలి జాలీ మీద నీళ్లు పట్టాడు. ఆ జాలీయే బండి లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోసేది. నీళ్లు పడగానే అయిదు నిమిషాల్లో చల్లగాలి జివ్వున వచ్చింది. నీళ్లు ఆరగానే మళ్లీ మామూలే. అంటే బండి చల్లబరచగలుగుతోంది, వేడిని మాత్రం బయట పడెయ్యలేకపోతోంది. ఇక్కడిదాకా వచ్చి ఐలయ్య ఆగిపోయాడు. ఫ్యాను మంచిదే. జాలీ మంచిదే. మరి దాని గొంతు ఎవరు పిసుకుతున్నట్టు?

గంట గడిచింది. ఎండ మండిపోతోంది. ఓంకార్ ఒక్క చోట కూర్చోడు, లేచి వెళ్లి బండి ముందు నిలబడి ఆ పసుపు గుడ్డతో బోర్డు తుడుస్తాడు, వచ్చి కూర్చుంటాడు, మళ్లీ వెళ్తాడు. అయిదోసారికి ఐలయ్య ఓపిక చచ్చింది.

"ఎన్నిసార్లు తోముతవ్ర దాన్ని? మీ సార్ ముక్కు అరిగిపోతది. అవతల జరుగు!"

అంటూ అతన్ని పక్కకు తోసి, అక్కడే నిలబడిపోయాడు. ఎదురుగా అధ్యక్షులు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఆయన వెనక, నంబరు ప్లేటుకు పైన, బండికి ఊపిరాడవలసిన కంత అంతా ఆ రేకే. కింద వేలెడు సందు, పక్కల రెండు వేళ్ల సందు. ఐలయ్య ఆ సందులో చెయ్యి పెట్టి చూశాడు. లోపల ఫ్యాను గుడగుడలాడుతోంది, పాపం దానికి పీల్చుకోవడానికి బయటి గాలి లేదు, తన వేడినే తను తిరిగి మింగుతోంది. రోడ్డు ఖాళీగా ఉండి బండి ఉరికితే ఏదో కాస్త గాలి తోసుకొస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగిందా, ఇక అంతే.

"దొరికిండు దొంగ!" అని ఐలయ్య తొడ చరిచాడు. "నాలుగు బోల్టుల పని! ముగ్గురు మెకానిక్‌లు, మూడు వారాలు! నా తానకొస్తె గంటల పట్టిన చూడు!"

"అట్లనా కాకా!" అన్నాడు ఓంకార్, కళ్లు ఇంతింత చేసుకుని.

ఐలయ్య పానా తీశాడు. బోల్టు మీద పెట్టాడు. ఓంకార్ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు తీస్తె ఏసీ బాగైతది. నేను ఖరాబు చెయ్యలేదని ఎట్ల తెలుస్తది కాకా? మెకానిక్ ఏదో చేసిండు, బాగైంది, అంటె వీడు చెడగొట్టిండనే గద అంటడు."

అది నిజమే. బండి బాగుచెయ్యడం వేరు, అధ్యక్షుల వారి చెవిలో ఆయన బొమ్మే ఆయన ఏసీకి అడ్డమని వెయ్యడం వేరు. పోయినేడు ఒక పెద్ద డాక్టరు బండి విషయంలో ఇలాగే ముఖం మీద అనేసి, ఆయన చెప్పగా వచ్చే ఎనిమిది బండ్లను పోగొట్టుకున్నాడు ఐలయ్య. పెద్దోళ్ల ముంగట నోరు తెరవనని ఆ రోజు బుచ్చమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. కాసేపు పానాను అటూ ఇటూ తిప్పాడు.

"మీ సార్‌కు ఫోన్ జెయ్యి" అన్నాడు చివరికి. "రమ్మను. నేను నోరు తెరవ. చేతులతోనే చెప్త."

నాలుగున్నరకు చెన్నకేశవులు ఆటోలో దిగాడు, వెంట భార్య శారదమ్మ. ఆమెకు కొండాపూర్‌లో కంటి దవాఖానలో చూపించాలి, అటునుంచి అటే వెళ్దామని వచ్చారు. తెల్ల చొక్కా చెమటకు వీపుకంటుకుపోయి ఉంది. అసలే చిరాకు.

"ఏమప్పా, వీడు ఏం చెడగొట్టినాడో కనుక్కున్నావా?"

"చూపిస్త సార్. బండెక్కుండ్రి. యాడ వేడొస్తదో ఆడికే పోదాం."

యజమానులు వెనక కూర్చున్నారు గనక ఐలయ్యకు ముందు సీటు దక్కింది. మాదాపూర్ దాకా బాగానే గడిచింది, గాలి చల్లగానే ఉంది. చెన్నకేశవులు దారి పొడవునా ఓంకార్ వీపుకు నీతులు చెప్పాడు. "నాలుగేండ్లు ఇంట్లో మనిషి మాదిరి చూసుకున్న్యాం. ఏసీ ఆన్ చేసుకోని గుర్రు పెట్టి నిద్రపోయింటావు. నిజం ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది?" ఓంకార్ చెవులు ఎర్రబడ్డాయి.

రాయదుర్గం మెట్రో దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ఆఫీసులు వదిలే వేళ. కదలిక లేదు. రెండు నిమిషాలకు గాలి వెచ్చబడింది. ఇంకో రెండు నిమిషాలకు లోపల వడగాడ్పు.

"చూసినావా! చూసినావా!" అన్నాడు చెన్నకేశవులు, అదేదో తన గెలుపైనట్టు.

ఐలయ్య ఒక్క మాట మాట్లాడకుండా తలుపు తీసుకుని దిగాడు. బండి ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనకనుంచి హారన్లు మోగిపోతున్నాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుతూ వస్తున్నాడు. పక్క బస్సులోంచి చూసేవాళ్లకు, ఎవరో భక్తుడు నడిరోడ్డు మీద ఆ ఫోటోకు మొక్కుకుంటున్నాడనిపించి ఉంటుంది. నాలుగు బోల్టులూ ఊడదీసి, బోర్డును చంకలో పెట్టుకొచ్చి, వెనక తలుపు తీసి అధ్యక్షుల వారి ఒళ్లో పెట్టాడు. మళ్లీ తన సీట్లో కూర్చుని సీటు బెల్టు పెట్టుకున్నాడు.

మూడు నిమిషాలకు శారదమ్మ చెంగుతో విసురుకోవడం మానేసింది. "ఏమండీ, చల్లగా వస్తా ఉంది" అంది.

చెన్నకేశవులు అంత సులువుగా లొంగే మనిషి కాదు. "అదేదో ఆడ లోపల వైరు సరిచేసింటాడు. బోర్డు మళ్లా బిగించు, చూస్తాం."

ఐలయ్య దిగి మళ్లీ బిగించాడు. ఒక పరీక్షను రెండుసార్లు చేసుకోవడానికి రాయదుర్గం సిగ్నల్ దగ్గర కావలసినంత సమయం దొరుకుతుంది. వడగాడ్పు వచ్చింది. మళ్లీ దిగి ఊడదీశాడు. చల్లగాలి వచ్చింది. ఈసారి కానిస్టేబుల్ కూడా ఈల ఊదడం మాని, నడుం మీద చేతులు పెట్టుకుని ఆసక్తిగా చూశాడు. రెండోసారి బోర్డు ఒళ్లోకి వచ్చేసరికి అధ్యక్షుల వారు దాన్ని తిరగేసి, బొమ్మ కిందికి వచ్చేలా పెట్టుకున్నారు.

"ఒరే ఓంకార్" అన్నాడు చెన్నకేశవులు. "ఈ బోర్డు బిగించింది నువ్వే కదరా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. కానీ ఆ దుత్త మూడు వారాలుగా దెబ్బలు తింటూనే ఉంది. ఐలయ్య ఒట్టు సంగతి మరిచి వెనక్కి తిరగబోయాడు. అంతలో శారదమ్మే అందుకుంది.

"బిగించమనింది ఎవురు? ముహూర్తం పెట్టించింది ఎవురు? టెంకాయ కొట్టి, నా చేత హారతి ఇప్పించి, కాలనీ అంతా లడ్డు పంచింది ఎవురు? పొద్దన లేస్తే వాడు చేసినాడు, వాడు చేసినాడు అని ఆ మనిషిని కాల్చుకు తింటిరి. ఇంగ సాలు!"

బండి కదిలింది. చెన్నకేశవులు కిటికీలోంచి అద్దాల మేడలు చూస్తూ కూర్చున్నాడు. కొండాపూర్‌లో కంటి దవాఖాన ముందు దిగేటప్పుడు, బోర్డును సీట్లోనే వదిలేసి, డ్రైవరు వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఓంకార్, రేపు ఆరింటికి శంషాబాద్ పోవల్ల. నీళ్లు, టిఫిను అన్నీ చూసుకోని రా. నేను..." అని ఆగి, "ఊరికే అంటి అప్పుడు" అని గబగబా లోపలికి వెళ్లిపోయాడు. శారదమ్మ నవ్వు ఆపుకుంటూ వెనకే వెళ్లింది.

ఐలయ్యను బోరబండలో దింపడానికి బండి వెనక్కి తిరిగింది. ఓంకార్ ఉద్యోగం నిలబడింది, బుచ్చమ్మకిచ్చిన మాటా నిలబడింది. ఐలయ్య ఆనందం పట్టలేకపోయాడు. దారంతా తన గొప్పలే. రోగాన్ని ఎలా పట్టాడో, నీళ్లు పట్టడం ఎవరికి తోచేదో, పానా తిప్పినప్పుడు సార్ ముఖం ఎలా ఉందో. "ముగ్గురికి దొరకలే. నాకెట్ల దొరికింది? చెప్పు!"

ఓంకార్ దుకాణం ముందు బండి ఆపి, ఇంజను ఆర్పాడు.

"నాకు మొదటి వారమే ఎర్క కాకా."

"ఏంది?"

"తోముదామని ఒకనాడు బోర్డు తీసి ఇంట్ల పెట్టి, శారదమ్మను గుడికి తీస్కపోయిన. తొవ్వంత చల్లగనే వచ్చింది. బిగించినంక మళ్ల వేడి. ఆ దినమే సార్‌కు చెప్పిన. 'డ్రైవరువి, స్టీరింగు చూసుకో' అన్నడు. ముగ్గురు మెకానిక్‌లకు చెప్పిన. నవ్విండ్రు. మెకానిక్ నోట్లకెళ్లి వస్తెనే సార్ వింటడని నీ తానకొచ్చిన."

"మరి నాకెందుకు చెప్పలేర, సన్నాసి?"

ఓంకార్ స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ, మర్యాదగా అద్దంలోంచి బయటికి చూశాడు. ఆ మర్యాదే ఐలయ్యకు చురుక్కుమని తగిలింది. నాలుగేళ్లు బండి నడిపినవాడు, దాని ప్రతి మూలుగునూ ఎరిగినవాడు, తన బతుకు తాడు మీద వేలాడుతుంటే నోరు తెరిచి రెండు మాటలు చెప్పబోయాడు. రెండుసార్లూ తనే నోరు మూయించాడు. ఇక చేసేది లేక గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, తను వచ్చి చూసేదాకా. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదని ఊరికే అనలేదు. ఇంతసేపూ ఒళ్లో ఫోటో పెట్టుకున్న చెన్నకేశవులును చూసి నవ్వుకున్నందుకు ఐలయ్యకు సిగ్గేసింది.

దిగి దుకాణంలోకి వెళ్లాడు. టీ కొట్టు వైపు కేకేసి రెండు టీలు చెప్పాడు. మంచి స్టూలు ఓంకార్‌కు వేసి, తను పాత టైరు మీద కూర్చున్నాడు.

"ఈ బండి సంగతి ఇంకేమన్న ఎర్కనా నీకు?"

"ఉంది కాకా. పొద్దుగాల మొదటిసారి ఏసీ పెట్టంగనే ఎడమ పక్కకెళ్లి టకటకమని చిన్న చప్పుడొస్తది. అది నాకేమనిపిస్తదంటే..."

ఐలయ్య నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "చెప్పు" అన్నాడు.